అవ్వ జట్టులో ఐదుగురు

మా అన్న కూతురికి పదమూడేళ్ళు. ఈమధ్య ఒక ఆదివారం వర్తూరులో వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళేసరికి కంప్యూటరు ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఏమిటమ్మా అంటే సైకిలు పందెం ఆట అంది. ఆ ఆటలో మనం సైకిలు తొక్కం. ఒక జట్టుకు మేనేజరుగా ఉంటాం. తొక్కేవాళ్ళను ఎంచుకుని, ఏ రోజు ఎవరిని ముందుకు తోయాలో, ఎవరిని ఆపి దాచుకోవాలో చూసుకుంటాం. పందెం ఒక్క రోజుతో అయిపోయేది కాదు, రోజుకొక మజిలీ చొప్పున మూడు వారాలు సాగుతుంది. ఒక రోజు చదును దారి, ఒక రోజు కొండ. మరునాడు మొదలయ్యే పందెంలో గెలిచే సత్తా ఎవరెవరికి ఉందో ముందుగా రాసి స్నేహితులందరికీ పంపాలట, ఈసారి వంతు దానిది. "అత్తా, నువ్వు రైటర్ కదా, ప్లీజ్, హెల్ప్ చెయ్యి," అని కుర్చీ జరిపింది. తెర నిండా పేర్లు, పేర్ల పక్కన అంకెలు. ఒక పేరు మీద వేలు పెట్టి ఇతనెలాంటివాడు అని అడిగాను. "క్లైంబింగ్ ఎయిటీ వన్, స్ప్రింట్ ఫిఫ్టీ ఫోర్." అది కాదు, మనిషి ఎలాంటివాడు అన్నాను. "మనిషెక్కడ అత్తా? డేటా అంతే," అని నవ్వింది. నాకు చురుక్కుమంది. చిన్నపిల్ల మీద కోపం తెచ్చుకోవడం నా వయసుకు తగదని తెలుసు, అయినా తెచ్చుకున్నాను. నేను జన్మలో మొట్టమొదట రాసింది కథా కాదు, కవితా కాదు. సరిగ్గా ఇదే, సైకిలు పందెంలో ఎవరు గెలుస్తారన్న రాత. ఆ మాట దానికి చెబితే నమ్మలేదు.

అప్పుడు మేము బెంగుళూరు నగర్తపేటలో ఉండేవాళ్ళం. వీధిలోకి ముఖం పెట్టుకుని నాయన పనిచేసే కొట్టు, దాని వెనక రెండు గదులు, ఆ వెనక ఐదారు ఇళ్ళకు ఉమ్మడిగా ఒక కొళాయి, ఒక వాకిలి. నాయన పని సైకిలు చక్రాలు కట్టడం. అంటే ఉత్త రిమ్ము, ఉత్త హబ్బు, గుప్పెడు స్పోకులు తెచ్చిస్తే తిన్నగా తిరిగే చక్రం చేసి ఇవ్వడం. వంకరపోయిన పాత చక్రాలు కూడా వచ్చేవి. ఆయన ఒక్కొక్క స్పోకునూ వేలితో మీటి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. ఏది వదులుగా ఉందో శబ్దంలో తెలిసేది. మేము పొద్దున్నే లేచేది ఆ టింగుటింగులకే. పక్క కొట్టు అగరుబత్తుల టోకు వ్యాపారం, ఎదురుగా గుడ్డల గోడౌను. అందువల్ల మా ఇంట్లో అన్నానికి కూడా గ్రీజు, పంక్చరు సొల్యూషను, సాంబ్రాణి కలిసిన వాసన ఉండేది. బళ్ళో పిల్లలు నా దగ్గర కూర్చుని, మీ ఇంట్లో రోజూ పూజ చేస్తారా అని అడిగేవాళ్ళు. చేస్తామని గొప్పగా అబద్ధం చెప్పేదాన్ని. మా అమ్మకు దీపం పెట్టడానికే తీరిక ఉండేది కాదు.

ఆటను కనిపెట్టినవాడు మా అన్న శీను. ఇంటి ఓనరుగారి ఇంట్లో కొత్తగా కేబుల్ టీవీ వచ్చింది. అందులో ఎక్కడో విదేశంలో రంగు రంగుల చొక్కాలవాళ్ళు మంచు కొండల మీదికి సైకిళ్ళు తొక్కుకుంటూ పోవడం చూసి వీడికి పిచ్చెక్కింది. నాయనను అడిగితే సైకిళ్ళ మీద అంతంత దూరాలు ఎలా పోతారో, ఏది విరుగుతుందో, ఏది తెగుతుందో చెప్పాడు. వారం రోజులు మూల కూర్చుని శీనన్న ఒక నోటుబుక్కు నిండా నియమాలు రాశాడు. నగర్తపేటలో మొదలై అత్తిబెలె చెక్‌పోస్టు దాకా మొదటి మజిలీ, అక్కణ్ణుంచి వర్తూరు చెరువు చుట్టుకుని రెండోది, మూడోది నంది కొండ, అలా తిరిగి తిరిగి ఆరోనాడు శివగంగె కొండ ఎక్కి ఏడోనాడు మళ్ళీ మా కొట్టు ముందుకు. ఇంట్లో ఐదుగురం ఐదు జట్లకు మేనేజర్లం. ఒక్కొక్కరికి ఐదుగురు సైకిలువీరులు. ఒక్కొక్క వీరుడికి ఒక కార్డు. కార్డు మీద పేరు, దాని కింద కొండ, చదును దారి, చివరి ఉరుకు, ఓపిక అని నాలుగు వరసలు, ఎదురుగా పదికి ఇన్ని అని అంకెలు. కార్డులకు మాకు కొరత లేదు. దగ్గర్లోని అచ్చాఫీసులో తప్పు పడిన పెండ్లి పత్రికలను నాయన కట్టలు కట్టలుగా తెచ్చేవాడు, స్పోకులు చుట్టడానికి. వాటిని ముక్కలుగా కత్తిరిస్తే ఒక వైపు తెల్లగా రాసుకోవడానికి, మరో వైపు సగం వినాయకుడో, సగం పెండ్లికూతురో.

పందెం క్రిస్మసు సెలవుల్లో జరిగేది. పొద్దున తిండి అయ్యాక ఎవరి తట్ట, అంటే కంచం, వాళ్ళు కడుక్కుని తెచ్చుకోవాలి. ఆ రోజు తన జట్టుకు ఎవరు నాయకుడో ఆలోచించుకుని, ఆ కార్డును ఎవరికీ కనపడకుండా తట్ట బోర్లించి దాని కింద పెట్టాలి. అందరూ ఒకేసారి తట్టలు ఎత్తాలి. ఆనాటి దారికి ఆ మనిషి బలమెంతో దానికి పాచిక మీద పడింది కలిపి లెక్క. ఒకటి పడితే పంక్చరు, నాయన తీర్పు ప్రకారం. ఒక వీరుడు మొత్తం పందెంలో రెండుసార్లే నాయకుడు కాగలడు, తర్వాత అలసిపోయినట్టు. అందుకే కొండవాణ్ణి చదును దారిలో వృథా చేసుకోకూడదు, ఉరుకువాణ్ణి కొండకు పంపకూడదు. తెలివంతా అక్కడే. ఆ తెలివి మా ఐదుగురిలో అందరికన్నా ఎక్కువ ఉన్నది మా అవ్వకు.

అవ్వ నాయనకు అమ్మ. కదిరి పక్క ఊరినుంచి వయసులో ఉన్నప్పుడు కట్టడాల కూలికి బెంగుళూరు వచ్చిన మనిషి. సగం ఊరు ఆమె కళ్ళ ముందే కట్టారు, అందులో కొంత ఆమె నెత్తి మీదుగానే పైకి వెళ్ళింది. పొద్దున కాఫీ తాగి, కళ్ళద్దాలు పెట్టుకుని, పేపరు రెండు చేతులతో పట్టుకుని కాసేపు చూసి, "ఏముండాది, అంతా గలాటే," అని మడిచి పక్కన పెట్టేది. తాను మూడో తరగతి దాకా చదివానని చెప్పేది. తర్వాత గుడ్డ సంచి తీసుకుని ఒంటరిగా మార్కెట్టుకు నడిచి వెళ్ళి కూరాకు, పూలు తెచ్చేది. ఆ నడక ఆమె సొంతం. వాన వచ్చినా, కాలు నొప్పి ఉన్నా మానేది కాదు, తోడు వస్తామంటే తిట్టేది.

మేమందరం మా వీరులకు టీవీలో చూసిన వంకర పేర్లు పెట్టుకుంటే అవ్వ మాత్రం తనతోపాటు పనిచేసిన కూలీల పేర్లు పెట్టించింది. ఎవరికి ఏది పదికి ఎంతో కూడా తానే చెప్పింది. "ఓబులేసు ఇసక తట్ట నెత్తిన పెట్టుకొని నాలుగంతస్తులు ఎక్కి, పైన కూచోకుండా దిగొస్తా ఉండె. రాసుకో, కొండకు తొమ్మిది." గంగులప్ప పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒకే తీరుగా మన్ను తవ్వేవాడట, అతను చదును దారికి. అన్నం గంట కొట్టగానే అందరినీ తోసుకుని ముందు ఉరికేవాడు ఈరన్న, అతను చివరి ఉరుకుకు. జ్వరమొచ్చి పడుకున్నా రెండోనాటికి లేచి పనిలో నిలబడేవాడు మద్దిలేటి, ఓపికకు తొమ్మిది. ఐదోవాడు పీరయ్య. ఆయనకు దేంట్లోనూ ఐదుకు మించలేదు. మరి ఎందుకవ్వా అతను అని అడిగితే, "అందరి తట్టలూ ఎత్తి నెత్తిన పెట్టేవాడు ఒగడు ఉండొద్దా?" అంది. టీవీలో ఆ సైకిలువాళ్ళలో కూడా నాయకుడికి నీళ్ళందించి గాలి అడ్డుకునే మనిషి ఒకడుంటాడని శీనన్న ఆశ్చర్యపోయాడు. అవ్వకు అందులో ఆశ్చర్యమేమీ కనపడలేదు.

నా పని రాయడం. పందెం ముందు ఆదివారం నాడు 'ఈసారి పోటుగాళ్ళు' అని పైన పెద్దక్షరాలతో రాసి, ఎవరి జట్టు ఎలా ఉందో, ఎవరు గెలవవచ్చో రెండు పేజీలు నింపి అందరి ముందూ చదివేదాన్ని. నాకు నా రాత మీద అప్పుడే గర్వం. ఆట మొదలైన మూడో ఏడు రాసింది ఇప్పటికీ కొంత నోటికి వస్తుంది. "ఈసారి అందరి కళ్ళూ ఓబులేసు మీదే. నంది కొండ మలుపుల్లో అతన్ని పట్టుకోగలవాడు ఇంకా పుట్టలేదు. శీనన్న జట్టుకు పొగరెక్కువ, గాలి తక్కువ. నాయన జట్టు చక్రాలు నాయనే కట్టాడు కాబట్టి పంక్చర్లు ఉండవని ఆశిద్దాం. అమ్మ జట్టు విషయానికొస్తే, అందులో ఎవరెవరున్నారో అమ్మకు తెలిస్తే బాగుంటుంది." అమ్మ పిండి చేత్తో నా వీపు మీద ఒకటి వేసింది. అవ్వ మాత్రం కళ్ళు మూసుకుని విని, "ఓబులేసు ముచ్చట ఇంగొకసారి సదువు," అంది. మళ్ళీ చదివాను. అవ్వకు నా రాత ఎంత నచ్చిందో అని పొంగిపోయాను.

ఆ పొంగులోనే ఒక ఘనకార్యం చేశాను. రెండేళ్ళుగా ఆడి ఆడి కార్డులు నలిగి, జిడ్డుపట్టి, అంచులు చిరిగి ఉన్నాయి. శీనన్న కోడిగీతలు నాకు మొదటినుంచీ పడవు. చొక్కాల డబ్బాల్లో వచ్చే మందమైన తెల్ల అట్ట సంపాదించి, ఇరవై ఐదు కార్డులూ ఒకే కొలతకు కత్తిరించి, గుండ్రటి అక్షరాలతో అన్నీ తిరగరాశాను. నాలుగు వరసల క్రమం కూడా నాకు నచ్చినట్టు మార్చాను. రెండు వైపులా తెలుపే, ఒక్క మరక లేదు. పాత కార్డులను అమ్మ స్నానాల నీళ్ళ అండా కింద మంట రాజేయడానికి వాడుకుంది. అందరూ మెచ్చుకున్నారు. అవ్వ తన ఐదు కార్డులూ చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కటే వెనక్కు తిప్పి చూసి, మళ్ళీ ముందుకు తిప్పి, "నున్నగా ఉండాయి," అని మాత్రం అంది.

మొదటి మజిలీ అత్తిబెలెకు. బల్లపరుపు దారి. తట్టలు ఎత్తితే అవ్వ తట్ట కింద ఓబులేసు. కొండవాణ్ణి చదును దారికి పంపేసింది. ఏదో ఎత్తు వేసిందనుకున్నాం. రెండోనాడు గంగులప్ప వచ్చాడు, సరిపోయింది. మూడోనాడు నంది కొండ, నేను అంత గొప్పగా రాసిన కొండ. అవ్వ చాలాసేపు కార్డులు తిప్పుతూనే ఉంది. తట్ట ఎత్తితే ఈరన్న. ఉరుకువాడు, కొండకు పదికి రెండు. శీనన్న పడీ పడీ నవ్వాడు. "అవ్వా, నందికొండ మీద అన్నం గంట కొడతారనుకుంటివా?" అన్నాడు. అవ్వ కూడా నవ్వింది, కానీ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుస్తూ నవ్వింది. ఆమె జట్టు ఐదో స్థానానికి జారిపోయింది. నా రాత పరువు పోయిందని నేను ముఖం మాడ్చుకున్నాను.

ఆ మధ్యాహ్నం కొట్టులో నాయనతో అమ్మ గొంతు తగ్గించి మాట్లాడడం విన్నాను. "అత్తకు మరపు వస్తా ఉండాదేమో చూడు. ఓబులేసంటే ప్రాణం ఇడిచే మనిషి, వాణ్ణే మరిచిపోయె. మొన్న ఉప్పు రెండుసార్లు ఏసింది." నాయన స్పోకు మీటడం ఆపేశాడు. ఆయన వాళ్ళ పెద్దమ్మ ఒకామె అలాగే ముసలితనంలో ఇల్లు మరిచిపోయి తప్పిపోయిందట. "రేపట్నుంచి అమ్మను ఒగతే మార్కెట్టుకు పంపొద్దు. మన చిన్నది పద్మ తోడు పోనీ. సెలవులైనాక డాక్టరుకు చూపిస్తాను. ఈ ఆట కూడా సాలు, బేజారు పడతా ఉండాది," అన్నాడు. సాయంత్రం అవ్వకు ఆ సంగతి చెప్పారు. తిడుతుందనుకున్నాను. ఏమీ అనలేదు. మరునాడు పొద్దున సంచి పట్టుకుని బయలుదేరి, నేను వెనకాల చెప్పులు వేసుకోవడం చూసి, సంచి మేకుకు తగిలించేసి లోపలికి వచ్చి కూర్చుంది. నాకు తెలిసి ఆమె మార్కెట్టుకు పోని మొదటి రోజు అది.

అది అనపకాయల కాలం. ఆ రోజు వీధిలోకి వచ్చిన బండి దగ్గరే అమ్మ కాయలు కొనింది. వంటింటి గడపలో నేనూ అవ్వా గింజలు ఒలిచి, నానబెట్టినవాటి తోలు బొటనవేలితో పితుకుతూ కూర్చున్నాం. చేతులంతా పచ్చి అనప వాసన, ఆ నూనె జిడ్డు. ఉన్నట్టుండి అవ్వ తల ఎత్తకుండానే అడిగింది. "అమ్మీ, ఎర్ర పల్లకీ ఉండె సూడు, ఆయప్ప ఇప్పుడు యాడుండాడే?"

"ఏ పల్లకీ అవ్వా?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఏమీ లేదులే. సుమ్నే, ఊరికే అడిగితి. పితుకు."

నేను పితుకుతూనే ఉన్నాను. నాలుగైదు గింజల తర్వాత తెలిసింది. పాత ఓబులేసు కార్డు వెనక ఎర్ర సిరాతో అచ్చయిన పల్లకీ ఉండేది. పెండ్లి పత్రిక ముక్క. అవ్వ ఓబులేసును చదవలేదు, ఎప్పుడూ చదవలేదు. చూసి గుర్తుపట్టింది, పల్లకీని. అంకెలు ఆమెకు కొన్ని తెలుసు, బస్సు నంబర్ల వల్ల. కానీ ఏ అంకె కొండదో, ఏది ఓపికదో చెప్పేవి అక్షరాలే కదా. పొద్దున పేపరు, కళ్ళద్దాలు, మూడో తరగతి, 'ఇంగొకసారి సదువు' అన్నీ ఒకదాని వెనక ఒకటి నా ముందుకు వచ్చి నిలబడ్డాయి. చదువు రాదని చెప్పుకోవడం కన్నా మతి పోయిందనిపించుకోవడమే నయమని ఆమె ఊరుకుంది. మార్కెట్టు నడక పోయినా నోరు విప్పలేదు. నా గుండ్రటి అక్షరాలు, నా తెల్ల అట్టలు ఆమెను అక్కడికి తెచ్చాయి. నాకు ఏడుపు వచ్చింది, అనపకాయల ఘాటు అని చెప్పాను. అనపకాయలకు ఘాటు ఉండదు.

గింజల గిన్నె పక్కకు జరిపి, "అవ్వా, కొత్త కార్డులు మరీ బోసిగా ఉన్నాయి. పాతవాటి వెనక బొమ్మలు బాగుండె గదా, అవే వేద్దామనుకుంటున్నా. నాకు సరిగా గుర్తు లేదు," అన్నాను.

అవ్వ నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత పాఠం అప్పజెబుతున్నట్టు మెల్లగా చెప్పింది. "ఓబులేసుకు పల్లకీ. గంగులప్పకు అరటి చెట్టు. మద్దిలేటికి సన్నాయి. ఈరన్నకు తొండం లేని ఇనాయకుడు. పీరయ్యకు ఏమీ లేదు, వట్టి తెల్లకాయితం. ఆయప్ప బతికినన్నాళ్ళూ అట్లనే, ఉండాడంటే ఉండాడు, కనపడడు."

ఆమె ఐదు కార్డులకే వేస్తే అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఇరవై ఐదింటికీ వేశాను. అన్న జట్టుకు కోడి, పిల్లి, అమ్మ జట్టుకు గరిటెలు, నాయన జట్టుకు చక్రాలు, ఇలా చేతికొచ్చినవన్నీ. ఇవేంటే అని శీనన్న అడిగితే జట్ల గుర్తులు, విదేశాల్లో కూడా ఉంటాయి, నీకేం తెలుసు అని దబాయించాను. నాకు బొమ్మలు వేయడం రాదు. పల్లకీ చూసి అవ్వ, "ఇది పల్లకీనా, లారీనా?" అంది. లారీ అయినా పరవాలేదు, కొండ ఎక్కుతుంది అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అంతకు మించి ఆ విషయం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నాయన వద్దనడంతో మూడు రోజులు ఆగిన ఆట, బొమ్మల కార్డులు చూపించి నేనూ శీనన్నా బతిమాలితే మళ్ళీ మొదలైంది. నాలుగు, ఐదు మజిలీలు చదునువే, అవ్వ తట్ట కింద ఎవరు ఉండాలో వాళ్ళే ఉన్నారు. ఆరోది శివగంగె. ఓబులేసుకు ఇంకొక్కసారే మిగిలి ఉంది. అవ్వ అందరికన్నా ముందు కార్డు పెట్టేసి, తట్ట మీద చెయ్యి వేసి, మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది. తట్టలు ఎత్తారు. ఎర్ర లారీ. పాచిక మీద ఆరు పడింది. శీనన్న అరిచి గోల చేశాడు, అమ్మ ఎందుకో చప్పట్లు కొట్టింది. ఏడోది కూడా అయ్యేసరికి మొత్తం మీద అవ్వ జట్టు మూడోదిగా వచ్చింది. మొదటి మూడు రోజుల్లో పోయిన దూరం తిరిగి రాలేదు. అయినా నాయన ఆమెనే చూస్తూ ఉన్నాడు. చివరికి, "ఈమెకు మరపా? మన అందరికీ బుద్ధి చెప్పేట్టు ఉండాది," అన్నాడు అమ్మతో. మరునాడు పొద్దున అవ్వ సంచి తీసుకుంది. నేను చెప్పుల వైపు చూడలేదు. ఎవరూ ఆపలేదు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. అంత సంతోషం నాకు తర్వాత పుస్తకాలు అచ్చయినప్పుడు కూడా కలగలేదు.

ఆ రహస్యాన్ని నేను చాలా ఏళ్ళు అపురూపంగా దాచుకున్నాను. ఒకరి పరువు ఎలా కాపాడాలో తెలిసినదాన్నని లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఇప్పుడు మా అన్న కూతురి ఆటలో అలాంటి రహస్యాలకు చోటు లేదు. అందరి అంకెలూ అందరికీ పట్టపగలులా కనపడతాయి, తెరకు ఎవరి ముఖం చూసి తగ్గాల్సిన పనీ లేదు. మా ఇంట్లో అయితే తట్ట కింద ఏముందోనన్న బెంగతోపాటు, తట్ట మీద చెయ్యి వేసిన మనిషికి ఏమవుతుందోనన్న బెంగ కూడా ఉండేది. ఆ రెండోది లేకుండా ఎవరు గెలిస్తే నాకేమిటి అనిపిస్తుంది. ఇది ముసలిదాని చాదస్తం కావచ్చు. కానీ ఆ మురిపెం గురించి మిగిలిన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ జ్ఞాపకం అబద్ధమవుతుంది.

తర్వాతి పదేళ్ళలో నేను టీచరునయ్యాను. అత్తిబెలె దగ్గర బడి. ఆదివారాలు అక్కడ కొత్తగా లేస్తున్న కట్టడాల దగ్గరికి వెళ్ళి, మన వైపునుంచి వచ్చిన కూలి ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పేదాన్ని. అవ్వకు అప్పటికి చూపు తగ్గలేదు గానీ కాళ్ళు పోయాయి, కొట్టు వెనక మంచం మీదే ఉండేది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, అరవై ఏళ్ళ ఒకామె తన పేరు తాను రాసుకుని ఏడ్చిందని గొప్పగా చెబుతున్నాను. నాయన చక్రం తిప్పుతూ వింటున్నాడు. ఆయన కొట్టులోకి వెళ్ళిపోయేదాకా ఆగి, అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ పొద్దు నీకు తెల్సిపోయింది గదే? అనపకాయల కాడ," అంది.

తల ఊపాను.

"నాకు తెల్సు, నీకు తెల్సిపోయిందని. పలకా బలపం తెస్తావేమోనని మూడు దినాలు సూస్తి. నువ్వు బొమ్మలు తెస్తివి." నా ముఖం చూసి వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "బొమ్మలు బాగనే ఉండె. బేజారు పడొద్దు. చిన్నపిల్లవి, నీకేం తెల్సు. ఊరికే చెప్తా ఉండాను."

నేను బేజారు పడ్డాను. ఇప్పటికీ పడతాను. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అక్షరాలు పంచుతూ తిరిగినదాన్ని, ఇంట్లో అడగలేక అడిగిన మనిషికి లారీ లాంటి పల్లకీ ఒకటి చేతిలో పెట్టి, పరువు కాపాడానని పదేళ్ళు సంబరపడ్డాను. మరునాడే పలక తెచ్చాను. ఇప్పుడెందుకులే అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. కొంగు దోపుకుని లేచి కూర్చుంది.

ఏం నేర్చుకుంటావవ్వా, అ ఆలతో మొదలుపెడదామా అంటే వద్దంది. ఓబులేసుతో మొదలుపెట్టమంది. ఆ పేరుకు నెల పట్టింది. వేళ్ళు వంగేవి కావు, బలపం విరిగేది, విరిగినప్పుడల్లా నన్నే తిట్టేది. తర్వాత గంగులప్ప. మద్దిలేటిలో 'ద్ది' దగ్గర వారం రోజులు ఆగిపోయాం. ఈరన్న తొందరగానే వచ్చేశాడు. అన్నిటికన్నా చివర పీరయ్య. ఐదు పేర్లూ పలక మీద ఒకదాని కింద ఒకటి రాసి, వేలు పెట్టి చదివి, తప్పు లేదని నా ముఖంలో చూసుకున్న రోజున, ఇంక నీ పేరు నేర్చుకుందామవ్వా అన్నాను.

అవ్వ పలకను చేత్తో తుడిచేసింది.

"నా పేరెందుకే? ఎవురన్నా అడిగితే నోటితో చెప్తాను, బతికుండాను గదా. వాళ్ళు చెప్పుకోలేరు. వాళ్ళయే రాయాల," అని, మళ్ళీ ఓబులేసు దగ్గరినుంచి మొదలుపెట్టింది.